సమస్య: “గుట్ట లేచి వచ్చి గుమ్మమెక్కె”

నిర్వాహకుడు: పొద్దున బస్సులో నా వెనక సీటులో ఒకావిడ ఫోనులో కోప్పడుతోంది: “శ్రీశైలం ఇంకా లేవలేదా? నీళ్లు చల్లి లేపండి!” దేవస్థానం సంగతి కాదు, కొడుకు సంగతి. నవ్వుకుంటూ దిగేసరికి ఈ పాదం తయారైంది. దీన్నే చివరి పాదంగా పెట్టి మీరు అల్లే పద్యం, అంటే పూరణ, మన నల్లగొండ, పాలమూరు పేర్లలోనే దొరకాలి. పెట్టిన పేరైనా సరే, ఇంటిపేరైనా సరే. హనుమంతుడి చేత సంజీవిని మోయించేవారికి, కృష్ణుడి చేత గోవర్ధనం ఎత్తించేవారికి ముందే దండం. ఆ రెండు దారులూ మూసేశాను.

మూసీ గట్టు:

కొడుకు కోరి మొక్కి కొండ పేరిడినారు
యాదగిరిని దలచి యమ్మ యయ్య
పట్నమేగి చదివి పండుగ నాడింటి
గుట్ట లేచి వచ్చి గుమ్మమెక్కె

యాదర్షి తపస్సు చేసిన గిరి కాబట్టి యాదగిరి. మొక్కిన ప్రతి ఇంట్లో ఒక యాదగిరి, కాకుంటే ఒక యాదమ్మ. ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

పాలమూరు పిల్లలమర్రి: దగ్గరి దారే అన్నగారూ, ఆ తొందరలోనే ‘లేచి’ని దారిలో వదిలేశారు. పట్నం నుంచి వచ్చేవాడు బస్సు దిగి వస్తాడు. లేచి ఎందుకు వస్తాడు? సమస్యలో ఒక మాటకు పని చెప్పకపోతే అది పూరణ కాదు, సర్దుబాటు. నాది చూడండి:

పర్వతాలు పండె వాకిట మంచాన
చినుకు మీద పడగ చెంగు మనుచు
దుప్పటొకటి చుట్టి తోడుగా కుక్కతో
గుట్ట లేచి వచ్చి గుమ్మమెక్కె

మూసీ గట్టు: లేవడం బాగుంది, దుప్పటి ఇంకా బాగుంది. కాని పర్వతాలు ఎన్ని, గుట్టలు ఎన్ని? మొదటి పాదంలో బహువచనం పడుకుంటే నాలుగో పాదంలో ఏకవచనం లేచింది. మిగతా గుట్టలు వానలో తడుస్తున్నాయా?

పాలమూరు పిల్లలమర్రి: అచ్చంపేట వైపు వచ్చి “పర్వతాలు ఉన్నాడా?” అని అడగండి, ఒక్కడే బయటికి వస్తాడు. రాములు ఎందరు? సైదులు ఎందరు? ఆ ‘లు’ లెక్క కోసం రాలేదు, గౌరవం కోసం వచ్చింది. దేవుడి పేరును ఉత్తగా పిలవలేక పెద్దలు తగిలించిన మర్యాద అది. శ్రీశైలానికి శ్రీపర్వతమని పాత పేరు. ఆ క్షేత్రానికి ఉత్తర ద్వారమనే ఉమామహేశ్వరం మా వైపే ఉంది. నల్లమల అంచున శివుడికి మొక్కుకునే ఇళ్లలో పెద్దవాడు శ్రీశైలమైతే చిన్నవాడు పర్వతాలు. పైగా నేను ‘పండె’ అన్నాను, ‘పండిరి’ అనలేదు. క్రియ చూడకుండా కర్తను లెక్కపెట్టడం మీకు అలవాటే.

ఉదయసముద్రం: మీ ఇద్దరి మధ్య ఆడవాళ్ల గుట్టలు ఎవరికీ గుర్తు రాలేదు. నాది ఇంటిపేరు మీద:

ఇంటి పేరు గుట్ట యీడైన పిల్లకు
పెండ్లి చేసి పంప బెంగతోడ
కొత్త యింటి పేరు గర్వాన దాల్చగా
గుట్ట లేచి వచ్చి గుమ్మమెక్కె

వాడపల్లి సంగమం: అమ్మా, మూడో పాదం యతి చూసుకోండి, పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరాల్సిన అక్షరం. ‘కొ’కు ‘గ’ వేశారు. హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. ఒకారానికి అకారం చుట్టం కాదు.

పాలమూరు పిల్లలమర్రి: యతి సరే, అసలు చిక్కు వేరే ఉంది. మూడో పాదంలో కొత్త ఇంటిపేరు దాల్చింది కదా, నాలుగో పాదంలో ఆమె ఇంకా గుట్ట ఎట్లా అవుతుంది?

ఉదయసముద్రం: యతి తప్పు నాదే. “కొత్త యింటి పేరు కోరి తా దాల్చగా” అని దిద్దుకుంటున్నాను. రెండోది మాత్రం దిద్దను. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. పదో తరగతి ధ్రువపత్రంలో పుట్టింటి పేరు, రేషను కార్డులో అత్తింటి పేరు. ఒక కార్యాలయంలో రెండూ పక్కపక్కన పెట్టి “ఈ ఇద్దరిలో మీరెవరు?” అని అడిగారు. గుమ్మం ఎక్కినంత మాత్రాన గుట్ట కరిగిపోదు తమ్ముడూ.

మూసీ గట్టు: బాగా చెప్పావమ్మా. ఈయన తర్కం సంగతి మాకు తెలియనిదా? పోయినసారి “చెట్టు రాజ్యమేలె చేవ జూపి” అనే సమస్యకు బూర్గులవారిని తెచ్చి చప్పట్లు కొట్టించుకున్నారు. బూరుగుకు చేవ ఎక్కడిది? అగ్గిపుల్లలకు వాడే కట్టె అది! కలంపేరు చూస్తే మా సూర్యాపేట గుళ్ల పిల్లలమర్రిది, నీడ చూస్తే పాలమూరు మర్రిది. అయినా చెట్ల సంగతి తెలియదు.

పాలమూరు పిల్లలమర్రి: ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నారన్నమాట. చేవ చెట్టుది కాదు, మనిషిది. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన రామకృష్ణారావుగారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. పుట్టింది పడకల్లులో, సొంత ఊరు బూర్గుల. ఆ ఊరి పేరే ఇంటిపేరై నిలిచింది. పుల్లంరాజులో పుల్లా ఉంది, రాజూ ఉన్నాడు. పుల్ల బూరుగై రాజ్యమేలితే మీకు అగ్గిపుల్లే కనిపించింది!

మూసీ గట్టు: పుల్లలో రాజు. ఈ మాట ఆనాడే పద్యంలో పెట్టి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ని. పద్యంలో లేనిది వ్యాఖ్యలో చెప్తే మార్కులు రావు.

వాడపల్లి సంగమం: చెట్టు దిగి గుట్టకు రండి. మా వైపు పేరు ఒకటి:

జానుపాడు దర్గ సైదన్న కృపతోడ
సంతు కలుగ మురిసి సైదులనిరి
ఉరుదు లోన గుట్టె యూరి పహాడన్న
గుట్ట లేచి వచ్చి గుమ్మమెక్కె

జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి హిందువులు కూడా పిల్లలకు సైదులు, సైదమ్మ అని పెట్టుకుంటారు. ఒకే బడిలో నలుగురు సైదులు ఉంటే ఇంటిపేరు పెట్టి పిలవక తప్పదు.

నిర్వాహకుడు: మొదటి పాదంలో ‘జా’కు ‘సై’ యతి చూసి లేచి నిలబడ్డాను. కాని మూడో పాదం నిఘంటువులా ఉంది. పైగా సైదులు దర్గా పేరు, దర్గా ఉన్నది పహాడ్‌లో, పహాడ్ అంటే గుట్ట. మూడు మెట్లు ఎక్కితేగాని గుమ్మం రాదు. నా ఓటు వానలో తడిసిన పర్వతాలుకే. మూసీ గట్టు గారు మూతి ముడుచుకోవద్దు, ‘లేచి’ని సరిచేసి మళ్లీ పంపండి. వచ్చే వారానికి: “ఇంటిపేరు లేక యిల్లు నిలిచె”.

మూసీ గట్టు: పంపను. మా యాదగిరి రాత్రి బస్సులో నిద్రపోయాడు, భువనగిరి దాటాక లేచాడు. అది చదువరికే తెలియాలి.

పాలమూరు పిల్లలమర్రి: ఓటుకు కృతజ్ఞతలు. పేర్ల మీద ఇంత రభస జరిగింది గాని, పర్వతాలు వెంట వచ్చిన కుక్క పేరేమిటని ఒక్కరూ అడగలేదు.