అంతరిక్ష నౌకకు తెరచాప కడితే కథ నిలబడుతుందా?

ప్రశ్న: నీలిసిరా

సైన్స్ ఫిక్షన్ నవల ఒకటి రాస్తున్నాను. అంతరిక్షంలో యుద్ధనౌకలు, కానీ పద్ధతులన్నీ తెరచాప ఓడల కాలానివి. కెప్టెన్, లెఫ్టినెంట్లు, పన్నెండేళ్లకే ఓడెక్కిన కుర్ర మిడ్‌షిప్‌మన్లు (అధికారులు కావడానికి శిక్షణ పొందేవాళ్లు), రెండు పక్కలా బారులు తీరిన ఫిరంగులు. ఈ రెండూ కలిసిన కథలంటే నాకు ప్రాణం. మొదటి రెండు అధ్యాయాలు ఊపులో అయిపోయాయి. మూడో దాంట్లో శత్రునౌక కనపడింది, అక్కడే ఆగిపోయాను.

నా కెప్టెన్ ఒక సరిహద్దు గ్రహం దగ్గర ఒంటరిగా కాపలా కాస్తోంది. ఎదురైంది తన నౌకకు రెండింతలున్న నౌక. ఇక్కడ ఏ పాఠకుడికైనా వచ్చే సందేహాలు నాకూ వస్తున్నాయి. పై అధికారులను రేడియోలో అడగొచ్చు కదా? గురి చూసేదీ కాల్చేదీ కంప్యూటరే అయితే ఇంతమంది సిబ్బంది దేనికి? అసలు శూన్యంలో తెరచాప ఏం చేస్తుంది?

ఏదో వింత శక్తి ఉందని చెప్పి దాటేయడం నాకు ఇష్టం లేదు. ఓడల గురించీ రాకెట్ల గురించీ బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు: కక్ష్య27

తెరచాప సంగతి నేను చెప్తాను. అది కల్పన కాదండీ. 2010లో జపాన్ ఇకారోస్ అనే వ్యోమనౌకను పంపింది. ఒక్కో వైపు 14 మీటర్లున్న చతురస్రపు తెర, మందం 7.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అది సూర్యకాంతి ఒత్తిడిని వాడుకుంటూ శుక్రగ్రహం పక్కగా సాగిపోయింది. దాని అంచుల్లో లిక్విడ్ క్రిస్టల్ పలకలు పెట్టారు. వాటిని ఆన్, ఆఫ్ చేస్తే తెర ఒక పక్క ఎక్కువ కాంతిని, ఇంకో పక్క తక్కువ కాంతిని తిప్పికొడుతుంది, దాంతో నౌక మెల్లగా వంగుతుంది. చుక్కాని లేదు, ఇంధనం ఖర్చు లేదు. నాకు ఎంతో నచ్చిన ఇంజనీరింగ్ అది.

చాలామంది ఈ తెరను నెట్టేది సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల ప్రవాహం అనుకుంటారు. కాదు, నెట్టేది కాంతి. సౌర పవనం ఒత్తిడి దానికంటే వేల రెట్లు తక్కువ.

అయితే కాంతి తోపు కూడా చాలా చిన్నది. భూమి ఉన్న దూరంలో, అద్దంలా మెరిసే తెర మీద చదరపు మీటరుకు సుమారు 9 మైక్రోన్యూటన్లు. చదరపు కిలోమీటరు తెర విప్పినా వచ్చేది 9 న్యూటన్లే, అంటే ఒక కిలో బరువు కన్నా తక్కువ. దీంతో ఫిరంగుల నౌకను యుద్ధంలో గిరగిరా తిప్పలేరు. కానీ ఈ తోపు ఆగదు. నెలల తరబడి అలా నెడుతూనే ఉంటుంది. కాబట్టి తెరచాపను ప్రయాణానికి ఉంచి, పోరుకు ఇంజన్ పెట్టుకోండి. శత్రువు కనపడగానే తెర చుట్టేయాలా, వదిలేసి పోవాలా అన్నది మీ కెప్టెన్‌కు మంచి తలనొప్పి అవుతుంది.

ఇంకొకటి. సూర్యుడి వైపు కూడా వెళ్లొచ్చు. తెరను ఏటవాలుగా వంచి కక్ష్యలో వేగం తగ్గించుకుంటే నౌక లోపలికి జారుతుంది. సముద్రం మీద ఓడ ఎదురుగాలికి అటూ ఇటూ మలుపులు కొడుతూ వెళ్లగలిగేది అడుగున నిడువునా ఉండే వెన్నుదూలం (కీల్) పక్కకు జారనివ్వదు కాబట్టి. ఇక్కడ ఆ ఆసరా సూర్యుడి ఆకర్షణ ఇస్తుంది.

జవాబు: పాతలంగరు

తెరచాప ఉన్నా లేకపోయినా మీ కథకు నష్టం లేదు. ఈ తరహా కథ బతికేది వార్త ఆలస్యం మీద. మీ మూడు ప్రశ్నల్లో రేడియో ప్రశ్నే అసలైనది, దానికి జవాబు దొరికితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరంలో ట్రఫాల్గర్ దగ్గర బ్రిటన్ నౌకాదళానికీ, ఫ్రాన్స్, స్పెయిన్ ఓడలకూ యుద్ధం జరిగింది. ఆ కబురు పికిల్ అనే చిన్న ఓడ మోసుకొచ్చింది. తీరం చేరాక అధికారి గుర్రపు బళ్లు మార్చుకుంటూ లండన్‌లోని నౌకాదళ కార్యాలయానికి చేరేసరికి నవంబర్ 6 తెల్లవారుజాము. పదహారు రోజులు! బ్రిటన్ నౌకాదళాన్ని నడిపించిన నెల్సన్ ఆ పోరులో చనిపోయాడని ఆయన దేశానికి అప్పటిదాకా తెలియదు. ఇంతకంటే బాధాకరమైనది ఇంకోటి ఉంది. 1814 డిసెంబర్ 24న ఘెంట్ నగరంలో బ్రిటన్, అమెరికా సంధి పత్రం మీద సంతకాలు చేశాయి. ఆ కబురు సముద్రం దాటకముందే, 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్ దగ్గర రెండు సైన్యాలూ కొట్టుకున్నాయి. వందల మంది చనిపోయారు.

మీ నవలలో ఒకే ఒక్క నియమం పెట్టుకోండి: నక్షత్రాల మధ్య కాంతిని మించిన వేగంతో నౌక మాత్రమే వెళ్లగలదు, రేడియో వెళ్లలేదు. కాంతి వేగంతో పోయే సంకేతం దగ్గరి నక్షత్రానికి చేరాలన్నా నాలుగేళ్లకు పైనే పడుతుంది. మార్స్ నుంచి భూమికే గ్రహాల స్థానాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. కాబట్టి ఏ కబురైనా ఒక చిన్న వేగు నౌక మోసుకురావాలి. అప్పుడు మీ కెప్టెన్ ఎవరినీ అడగలేదు. ఎదురుగా ఉన్న నౌకతో యుద్ధం మొదలైందో, ముగిసిందో కూడా తనకు తెలియదు. చేతిలో ఉన్నది ఆరు నెలల కిందటి ఉత్తర్వు. కాలిస్తే శాంతిని చెడగొట్టినట్టు కావచ్చు, కాల్చకపోతే గ్రహం పోవచ్చు. రెండిటికీ తర్వాత విచారణలో తనే జవాబు చెప్పాలి. ఈ ఒంటరితనం కోసమే నేను ఇలాంటి పుస్తకాలు మళ్లీ మళ్లీ చదువుతాను. ఈ నియమాన్ని మాత్రం పదిహేనో అధ్యాయంలో అవసరం పడిందని సడలించకండి. ఒక్కసారి సడలితే పాఠకుడు ఇక ఏ ప్రమాదాన్నీ నమ్మడు.

రెండోది, నెమ్మది. ట్రఫాల్గర్‌లో తెల్లవారుతూనే ఒకరికొకరు కనపడ్డారు. మొదటి గుండు పేలింది దాదాపు మధ్యాహ్నానికి. గాలి అంతంత మాత్రం, ఓడలు మనిషి నడిచే వేగంతో కదిలాయి. శత్రువు కళ్లముందే ఉంటాడు, చేరడానికి గంటలు పడుతుంది. ఆ మధ్యలో డెక్ మీద పాదాలు జారకుండా ఇసుక చల్లుతారు, కింద సర్జన్ రంపాలు సిద్ధం చేసుకుంటాడు, తినడానికి ఏదో ఒకటి పంచుతారు. అంతరిక్షంలోనూ దూరాలు అలాంటివే. మూడో అధ్యాయంలో శత్రువు కనపడితే నాలుగో అధ్యాయంలోనే కాల్పులు పెట్టకండి. ఆ ఎదురుచూపుకు పేజీలు ఇవ్వండి, టెన్షన్ అంతా అక్కడే ఉంది.

జవాబు: గాలివాటం

సిబ్బంది ప్రశ్నకు నా వంతు. ట్రఫాల్గర్‌లో నెల్సన్ ఎక్కిన విక్టరీ అనే ఓడలో 104 ఫిరంగులు, 800 మందికి పైగా మనుషులు. ఓడ నడపడానికి అంతమంది అక్కర్లేదు. ఫిరంగులకు కావాలి, దెబ్బ తగిలాక ఓడను కాపాడుకోవడానికి కావాలి. నీటి మట్టం దగ్గర ఓడ గోడ వెంట లోపల ఇరుకైన నడవా ఒకటి ఖాళీగా ఉంచేవారు. యుద్ధం జరుగుతుంటే వడ్రంగి మనుషులు లాంతర్లు పట్టుకుని అందులో తిరిగేవారు. గుండు దూసుకొచ్చి నీళ్లు చిమ్మగానే, పీచు చుట్టి కొవ్వు పూసిన కోసుగా ఉండే చెక్క బిరడాను కన్నంలో పెట్టి సుత్తితో బిగించేవారు. అది చీకట్లో, ఫిరంగుల మోత కింద!

మీ నౌకలోనూ అలాంటి బృందం పెట్టండి. కంప్యూటర్ గురి చూస్తుంది సరే, వైర్లు తెగిపోయిన గదిలోకి దూరి కన్నం పూడ్చేది ఎవరు? పోరుకు ముందే నౌకలోని గాలి తోడేసి అందరికీ సూట్లు తొడిగిస్తే మంటల భయం తగ్గుతుంది. గాయపడ్డవాడి సూట్ చిరిగితే మాత్రం సెకన్ల లెక్క.

ఇంకో మంచి కారణం ఉంది, ఇది ఎవరూ సరిగ్గా వాడుకోరు. పట్టుబడిన ఓడను రేవుకు చేర్చాలంటే మీ మనుషుల్నే అందులో ఎక్కించి పంపాలి. అప్పట్లో ఆ ఓడ విలువలో సిబ్బందికి వాటా దక్కేది, అందుకే పట్టుకోవాలని ఆరాటం. కానీ రెండు మూడు ఓడలు పట్టేసరికి కెప్టెన్ దగ్గర మనుషులు పలచబడతారు. మీ కథ మొదట్లోనే నౌకలో మనుషులు కిక్కిరిసి ఉండాలి, పెద్ద శత్రువు ఎదురయ్యేసరికి సగం బెర్తులు ఖాళీగా ఉండాలి.

నీలిసిరా

రేడియో నియమం పెట్టేశాను, పాతలంగరు గారూ. మొదటి అధ్యాయంలోనే తను రెండు సరుకు నౌకల్ని పట్టుకున్నట్టు మారుస్తాను, దానికి గాలివాటం గారికి కృతజ్ఞతలు. ఒక్కటే మిగిలింది. రెండింతల నౌకను చిన్న నౌక ఎలా నిలువరించాలి? అదృష్టం కలిసొచ్చి గెలిచిందంటే నాకే నచ్చదు.

పాతలంగరు

వెనక నుంచి కొట్టించండి. కొయ్య ఓడల పక్కలు మందంగా ఉండేవి, వెనక భాగంలో మాత్రం కెప్టెన్ గది కిటికీలు, పలచటి చెక్క. అటు నుంచి దూరిన గుండు ఓడ ఈ కొస నుంచి ఆ కొస దాకా మనుషుల్నీ ఫిరంగుల్నీ కూల్చుకుంటూ పోయేది. పైగా బదులు చెప్పడానికి వెనక వైపు ఉండేవి కొద్ది ఫిరంగులే. చిన్న ఓడ కెప్టెన్ కష్టమంతా ఆ చోటు దొరికించుకోవడానికే.

అంతరిక్ష నౌకకు వెనక ఉండేవి ఇంజన్ గొట్టాలు, వాటికి కవచం వేయలేరు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది: ఇంజన్ వెలిగి ఉంటే ఆ మంటే ఆయుధం, వెనక చేరినవాళ్లు మాడిపోతారు. కాబట్టి శత్రువు ఇంజన్ ఆపే క్షణం కావాలి. పెద్ద నౌక గ్రహం కక్ష్యలోకి చేరాలంటే ముందు వేగం తగ్గించుకోవాలి. దానికి తోకను ముందుకు తిప్పి మండించాలి, పని అవగానే ఆపాలి. మీ కెప్టెన్ ఆ గ్రహం దగ్గర నెలల తరబడి కాపలా కాసింది, ఎంత ఎత్తున ఎవరు ఇంజన్ ఆపుతారో తనకు కంఠతా వచ్చి ఉండాలి. గ్రహం చాటున ఇంజన్లు ఆర్పేసి కాచుకుని, సరిగ్గా అప్పుడు బయటికి రమ్మనండి.