మార్షల్ యాంప్ సొంత సరుకా, ఫెండర్ కాపీయా?

కోడంబాకం కుర్రాడు: నిన్న వడపళనిలో ప్రాక్టీసయ్యాక టీ కొట్టు దగ్గర పెద్ద గొడవ. మా బేస్ వాయించే అన్న ‘మార్షల్ గిటార్ యాంప్లిఫయర్ అంటే అమెరికా ఫెండర్ కంపెనీ బేస్‌మన్ యాంప్‌కి జిరాక్స్, అంతే’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తెలిసినవాళ్లు తేల్చండి.

వాల్వు బాబాయి: మీ అన్న చెప్పింది అబద్ధమేం కాదు. జిమ్ మార్షల్ డ్రమ్మర్. 1960లో లండన్ హాన్‌వెల్‌లో డ్రమ్ముల కొట్టు పెట్టాడు. గిటారిస్టులూ చేరారు, వాళ్లలో రిచీ బ్లాక్‌మోర్ (తర్వాత డీప్ పర్పుల్ బ్యాండ్ గిటారిస్టు) ఒకడు. వాళ్లందరికీ ఫెండర్ కావాలి. అమెరికా నుంచి తెప్పిస్తే తడిసి మోపెడు. దాంతో కొట్లో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రాడు కలిసి బేస్‌మన్ సర్క్యూట్ చూసి మార్షల్ తొలి యాంప్ జేటీఎం45 కట్టారు. రెండింటి స్కీమాటిక్‌లూ (సర్క్యూట్ బొమ్మలు) పక్కపక్కన పెట్టు, రెసిస్టర్ల విలువలు కూడా చాలావరకు అవే.

మైలాపూర్ మూర్తి: మరి చెవికి వేరుగా ఎందుకు వినిపిస్తుంది బాబాయ్ గారూ? బేస్‌మన్‌లో మొదటి వాల్వు (సిగ్నల్ పెంచే గాజు గొట్టం) 12ఏవై7, దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే సిగ్నల్‌ని పెంచే సత్తా, 44. మార్షల్ అక్కడ పెట్టిన ఈసీసీ83ది 100. అందుకే శబ్దం తొందరగా పగిలి గరగరమంటుంది. పైగా బేస్‌మన్‌ది వెనక తెరిచిన పెట్టె, పది అంగుళాల స్పీకర్లు నాలుగు. మార్షల్‌ది వెనక మూసిన పెట్టె, పన్నెండు అంగుళాల సెలెస్షన్ కంపెనీ స్పీకర్లు నాలుగు. రాక్ వాళ్లకు కావాల్సింది ఆ మోతే. అదే సాంబారు పొడి ఇచ్చినా అందరింటి సాంబారూ ఒకేలా ఉండదు కదా!

వాల్వు బాబాయి: సాంబారు దాకా ఎందుకయ్యా, ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ మాత్రం గాల్లోంచి తీశాడా? ఆయన తొలి సర్క్యూట్లకూ వాల్వు కంపెనీలు అచ్చేసిన పుస్తకాలే ఆధారం. బేస్‌మన్ చూసి చేశామన్న సంగతి మార్షల్ దాచనూ లేదు. అయినా నా లెక్కలో సర్క్యూట్ కాపీయే, పెట్టె మాత్రం సొంతం.

కోడంబాకం కుర్రాడు: మూర్తి గారి మాట పట్టుకుని, నా మార్షల్ యాంప్ ఆఫ్ చేసి, చల్లారాక, మొదటి సాకెట్లో 12ఏవై7 గుచ్చాను. పిన్నులు సరిగ్గా సరిపోయాయి. గరగర తగ్గి మెత్తబడింది. అన్న వెంటనే ‘చూశావా, లోపలున్నది ఫెండరే!’ అన్నాడు. ‘ఒక్క వాల్వు తీస్తేనే గొంతు మారిందంటే ఇక జిరాక్స్ ఎలా అవుతుంది?’ అన్నాను. టీ డబ్బులు మాత్రం ఈసారీ నేనే ఇచ్చాను.