సమస్య: “నలుబదిలో నొకఁడు పోవ నలుబదె మిగిలెన్”

కవిమిత్రులకు నమస్కారం. ఇది కందపద్యం నాలుగవ పాదం; మిగతా మూడు పాదాలూ రాసి దీన్ని పూరించాలి. ప్రాస (పాదంలో రెండవ అక్షరం) ‘ల’. మొదటి అక్షరం లఘువు గనుక నాలుగు పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి. మూడవ పాదం నుంచి లెక్కిస్తే ఆరవ గణం ‘డుపోవ’ జగణం (లఘువు-గురువు-లఘువు), అది చెల్లుతుంది. బేసి గణాల్లో మాత్రం జగణం రానివ్వకండి.

విషయం సెబాస్తె నలభైమంది హతసాక్షులు (క్యాథలిక్కులు వేదసాక్షులంటారు). తూర్పు సంఘాలకు వీరి పండుగ మార్చి 9. క్రీ.శ. 320 ప్రాంతం, రోమన్ చక్రవర్తి లికీనియస్ ఏలుబడి. ఊరు నేటి తుర్కియేలోని సివాస్. పన్నెండవ లెజియన్ (రోమన్ సేనాదళం) సైనికులు క్రీస్తును విడవమంటే ఒప్పుకోలేదు. గడ్డకట్టిన చెరువు మీద రాత్రంతా బట్టల్లేకుండా నిలబెట్టారు. ఒడ్డునే వేన్నీళ్ళ స్నానశాల, విశ్వాసం వదులుకున్నవాడికి.

పూరణ 1

చలి చెరువున నొకఁ డోడఁగఁ
గలఁగక కావలి భటుండు గని మకుటములన్
వలువలు విడి చేరెఁ గొలను
నలుబదిలో నొకఁడు పోవ నలుబదె మిగిలెన్

విమర్శ: చక్కని పూరణ, అభినందనలు. ఒకడు ఓడిపోతే, కిరీటాలు దిగిరావడం చూసిన కావలి భటుడు అతని చోట చేరాడన్నది కథ. ఈ సమస్యకు కీలకం నలభయ్యోవాడు ఎక్కడినుంచి వచ్చాడన్నది. దాన్ని మూడవ పాదంలో ‘వలువలు విడి’ అని కళ్ళకు కట్టారు. ఆ కావలివాడి పేరు అగ్లాయియస్ అని సంప్రదాయం. ‘మకుటములన్’ పాదం నింపడానికి తెచ్చిన మాట కాదు, కథకు ప్రాణమే అది. ఆర్థొడాక్స్ పెళ్ళిలో వధూవరులకు కిరీటాలు పెట్టేముందు చేసే ప్రార్థనలో నేటికీ ఈ నలభైమందినీ, వారికి దిగివచ్చిన కిరీటాలనూ తలుస్తారు.

పూరణ 2

వెలుపలి వేన్నీళ్ళ నమ్మి
నలిగి యొకఁడు నేలఁ గూలె నా క్షణమందే
నిలిచెను భటుఁ డచ్చోటను
నలుబదిలో నొకఁడు పోవ నలుబదె మిగిలెన్

విమర్శ: భావం బాగుంది, మొదటి పాదంలో గణదోషం ఉంది. విడదీసి చూడండి: వెలుపలి – వేన్నీ – ళ్ళనమ్మి. మూడవది జగణమైంది. ఇక ‘నలిగి’ యతికోసం (పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ పొత్తు) వచ్చి కూర్చున్న మాట. చలికి బిగుసుకున్న ఒంటికి ఒక్కసారిగా వేడి తగిలి కూలినవాడు నలగడు. ఇలా మారిస్తే:

వెలుపలి వేన్నీళ్ళకుఁ జని
యలసి యొకఁడు నేలఁ గూలె నా క్షణమందే

యకారానికీ ఆకారానికీ యతిమైత్రి ఉంది కదా, చెల్లుతుంది.

ప్రశ్న: గురువుగారూ, ఇంకా ఊపిరున్న చిన్నవాణ్ణి తల్లే ఎత్తి బండిమీద మిగతావారి పక్కన చేర్చిందంటారు. అతణ్ణి నలభయ్యోవాడిగా చెప్పి పూరించవచ్చా?

జవాబు: కుదరదండీ. అతను మొదటినుంచీ నలభైలో ఉన్నవాడే. అతణ్ణి మళ్ళీ కలిపితే ఒకణ్ణే రెండుసార్లు లెక్కపెట్టినట్టు, సమస్య విడదు. తల్లి ఘట్టానికి వేరే పద్యం రాయండి, తప్పక చూస్తాను.

పూరణ 2 కవి: ధన్యవాదాలండీ. ‘వేన్నీళ్ళకుఁ జని యలసి’ అని సవరించుకున్నాను.