మా యూనిటేరియన్ సంఘంలో సిబ్బంది విషయంలో చివరి మాట ఎవరిది: బోర్డుదా, మినిస్టర్‌దా?

నమస్కారం. అమెరికాలో 140 మంది సభ్యులున్న యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ (ఒకే సిద్ధాంతాన్ని నమ్మి తీరాలనని ఉదారవాద మతశాఖ) సంఘానికి ఈ ఏడాది బోర్డు కార్యదర్శిని. మాకు పైన బిషప్ లాంటివాళ్లు ఎవరూ ఉండరు. 1648 నాటి కేంబ్రిడ్జ్ ప్లాట్‌ఫాం (న్యూ ఇంగ్లండ్ చర్చిలు రాసుకున్న పాలనా నియమావళి) నుంచి వస్తున్న పద్ధతి ఇది: సభ్యులే ఓటు వేసి మినిస్టర్‌ని, అంటే సంఘం మతగురువుని, ఎంచుకుంటారు, బోర్డును ఎన్నుకుంటారు, బడ్జెట్ ఆమోదిస్తారు. ప్రసంగంలో ఏం చెప్పాలన్నది మాత్రం మినిస్టర్ ఇష్టం. ఇంతవరకు గొడవ లేదు.

చిక్కల్లా సిబ్బంది దగ్గరే. పిల్లల తరగతులు చూసే ఆవిడ పని గంటలు వారానికి 20 నుంచి 12కి తగ్గించాలని మార్చిలో బోర్డు 5-2తో తీర్మానించింది. సిబ్బంది బాధ్యత తనదని మినిస్టర్ అన్నారు. బైలాస్‌లో (సంఘం నియమావళిలో) ‘మినిస్టర్ బోర్డును సంప్రదించి సిబ్బందికి దారి చూపుతారు’ అని ఒక్క వాక్యమే ఉంది. దాన్నే ఎవరికి వారు తమవైపు చదువుకుంటున్నారు. మూడేళ్ల మినిట్స్ తిరగేశాను, మినిస్టర్ ఒప్పందం చూశాను, బోర్డునీ మినిస్టర్‌నీ ఒకచోట కూర్చోబెట్టాను. తేలలేదు. పిల్లల తరగతుల ఆవిడ టెన్షన్ చూడలేకపోతున్నాను. పోయిన ఆదివారం రంగు పెన్సిళ్లు డబ్బాలో సర్దుతూ “నేను ఎవర్ని అడగాలండీ?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

జూన్ సర్వసభ్య సమావేశంలో సవరణ పెట్టాలంటే 30 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. మీ సంఘం బైలాస్‌లో సిబ్బంది నియామకం, పని గంటల మీద చివరి నిర్ణయం ఎవరిదని, ఏ మాటలతో రాసుకున్నారు?