మధుమేహ ఎలుకల రెటీనా చిత్రాలు: ఏ మత్తుమందు వాడాలి?

పరిశోధక విద్యార్థిని, అనంతపురం:
అందరికీ నమస్కారం. స్ట్రెప్టోజోటోసిన్‌తో మధుమేహం కలిగించిన ఎలుకల రెటీనా (కంటి వెనుక పొర) రక్తప్రసరణను, కాంతిని పంపి వెనక్కి వచ్చే సంకేతంతో రక్తనాళాల చిత్రం తీసే ఓసీటీ యాంజియోగ్రఫీతో పరిశీలిస్తున్నాను. మొదటి విడత ఎలుకలకు కెటమైన్, జైలజీన్ అనే మత్తుమందులు కలిపి ఇచ్చాను. తరువాత ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మత్తుమందు ఇచ్చే యంత్రం అందుబాటులోకి రావడంతో రెండో విడతకు దానినే వాడాను. ఇప్పుడు మధుమేహం లేని ఎలుకల్లోనూ రక్తనాళాలు మునుపటికంటే వెడల్పుగా కనిపిస్తున్నాయి. రెండు విడతల కొలతలను కలిపి లెక్కించవచ్చునా?

ఫార్మకాలజీ అధ్యాపకుడు, కర్నూలు:
కలపవద్దమ్మా. ఐసోఫ్లూరేన్ రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది, మోతాదు పెరిగేకొద్దీ రక్తపోటును కూడా తగ్గిస్తుంది. కంటిలోకి రక్తం ప్రవహించడానికి కావలసిన ఒత్తిడి, సగటు ధమనీ పీడనం నుండి కంటి లోపలి పీడనాన్ని తీసివేస్తే మిగిలేదే కనుక, మొదటిది 100 నుండి 70 మి.మీ. పాదరసానికి పడిపోయి రెండోది 15 దగ్గరే నిలిచినా, 85 ఉండవలసిన ఆ ఒత్తిడి 55 మాత్రమే అవుతుంది.

అయితే మీ ప్రయోగానికి అసలు చిక్కు జైలజీన్‌తోనే వస్తుంది. అది గుండె వేగాన్ని తగ్గించడంతోపాటు ఇన్సులిన్ విడుదలను అణచి రక్తంలో చక్కెరను పెంచుతుంది కాబట్టి, మధుమేహం లేని ఎలుకలు కూడా చిత్రం తీసే వేళకు అధిక చక్కెరతోనే ఉండవచ్చు. మీరు పోల్చదలచిన తేడానే అది మసకబారుస్తుంది. చక్కెరను మత్తుమందు ఇవ్వక ముందే కొలవండి.

పశువైద్యురాలు, ప్రొద్దుటూరు:
సార్ చెప్పినదానికి ఒక్క మాట చేర్చుతాను. మత్తులో ఎలుక రెప్ప వేయదు, కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) ఎండిపోతుంది. కెటమైన్, జైలజీన్ ఇచ్చినప్పుడు కంటి కటకం తాత్కాలికంగా తెల్లబారడం కూడా తరచుగా చూస్తాం. అప్పుడు వెనక్కి వచ్చే సంకేతం బలహీనపడి, ప్రసరణ ఉన్నచోట కూడా లేనట్లు కనిపిస్తుంది. కన్ను ఆరకుండా చుక్కలు వేస్తూ, సంకేతం చాలని చిత్రాలను పక్కన పెట్టండి. బయట మే నెల ఎండ మండుతున్నా ఏసీ గదిలో మత్తులో ఉన్న ఎలుక ఒళ్ళు చల్లబడుతుంది. వేడి పరుపుతో 37 డిగ్రీల దగ్గర నిలపండి.

పరిశోధక విద్యార్థిని, అనంతపురం:
సార్, మేడమ్, కృతజ్ఞతలు. మొదటి విడత వృథా అయినట్లేనా? ఆ ఎలుకల ప్రాణాలను తలచుకుంటే బాధగా ఉంది.

ఫార్మకాలజీ అధ్యాపకుడు, కర్నూలు:
కాలేదు. ప్రతి విడతలోనూ మధుమేహం లేని ఎలుకలు ఉన్నాయి కనుక, పోలిక ఆ విడత లోపలే చేసి, చక్కెర విషయాన్ని దాచకుండా రాయండి. ఇకపై ఒకే మత్తుమందు, ఒకే మోతాదు వాడి, మత్తు ఎక్కిన తరువాత ప్రతిసారీ అన్నే నిమిషాలకు చిత్రం తీయండి. మత్తుమందు మార్పునకు సంస్థాగత జంతు నైతిక సంఘం ఆమోదం ఉందో లేదో ఈ వారంలోనే సరిచూసుకోండి.