హ్యాక్నీ డైమండ్స్: తప్పు పాటలదా, మాస్టరింగ్‌దా?

అందరికీ నమస్కారం. పాలకొల్లులో పదిమందిమి బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 2023 ఆల్బమ్ హ్యాక్నీ డైమండ్స్ కలిసి విని, దానిమీద వచ్చిన సమీక్షలు చర్చించబోతున్నాం. 2005 తర్వాత సొంత పాటలతో వాళ్ల మొదటి ఆల్బమ్ ఇదే. 2016లో వచ్చింది పాత బ్లూస్ పాటల సంపుటి. మెచ్చినవాళ్లు అప్పటికి ఎనభై ఏళ్ల గాయకుడు మిక్ జాగర్ గొంతులో బిగువు చూడమన్నారు. నచ్చనివాళ్లు శబ్దం మరీ నున్నగా, మరీ గట్టిగా ఉందన్నారు. ఆ రెండోమాటే తేల్చుకోవాలి: తప్పు పాటలదా, లేక మాస్టరింగ్‌దా (విడుదలకు ముందు చివరగా శబ్దం స్థాయి, తీరు సరిచేసే పని)?

2021లో కన్నుమూసిన ఆ బృందం డ్రమ్మర్ చార్లీ వాట్స్ వాయించిన డ్రమ్స్ మెస్ ఇట్ అప్, లివ్ బై ద స్వోర్డ్ పాటల్లో ఉన్నాయి. మెస్ ఇట్ అప్‌లో స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ మొదట్లో ఛెళ్లుమనాలి, గిటార్లు అందుకోగానే అందులో కలిసిపోతోందేమో వినాలి. పోలికకు 2005 నాటి ఎ బిగ్గర్ బ్యాంగ్ పనికిరాదు, అదీ గట్టిగా మాస్టర్ చేసిందే. అందుకే వాళ్ల 1981 ఆల్బమ్ టాటూ యూ పాత సీడీ పెట్టాలనుకుంటున్నాం. రెండిటి సగటు స్థాయి ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనం కొలత) మీటర్‌తో సమం చేయకపోతే గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

ఇక సందేహాలు:

సమం చేయడానికి పాట మొత్తం సగటు తీసుకోవాలా, పల్లవి ఒక్కటే చాలా?

ఎల్‌పీకి (వినైల్ రికార్డుకు) విడిగా మాస్టర్ చేశారా? ఎల్‌పీ రికార్డింగ్‌లో డైనమిక్ రేంజ్ (మెల్లని, గట్టి శబ్దాల మధ్య తేడా) అంకె ఎక్కువ చూపినంతమాత్రాన వేరే మాస్టర్ అనుకోలేం కదా.

మా గదికి రేకుల కప్పు. స్పీకర్ల వెనక దుప్పట్లు కడితే పైస్థాయి (సన్నని కీచు శబ్దాల) కరకు తగ్గుతుందా, కప్పుకింద కూడా కట్టాలా?