ఉగాది సభ: ఎడో బృందం అరగంట, ఎవరేం చూసుకుంటారు?

సాంస్కృతిక విభాగం: అందరికీ నమస్కారం. ఈసారి మన లాగోస్ ఉగాదికి బెనిన్ సిటీ నుంచి ఎడో జాతివాళ్ల నృత్య బృందం వస్తోంది. ఆ అరగంటలోనే మన పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ కూడా పెట్టేద్దామా? ఎర్ర పూసల కిరీటాలు ప్లాస్టిక్‌వి బజార్లో చవగ్గానే ఉన్నాయి.

వేదిక: కిరీటాలు మాత్రం వద్దు తమ్ముడూ. ఎడోవాళ్లకి ఆ ఎర్ర పూసలు, అంటే పగడం, ఉత్త నగ కాదు. పదిహేనో శతాబ్దంలో ఎవారే అనే రాజు సముద్ర దేవత ఒలోకున్ దగ్గర్నుంచి పగడాలు తెచ్చాడని వాళ్ల కథ. రాజుని ఓబా అంటారు. బిరుదుతోపాటు ఆయన ఇస్తేనే పెద్దలు ఆ దండలు వేసుకుంటారు. పెళ్లికూతురి ఒకుకు, అంటే పగడాల తల అలంకారం, వేరే సంగతి. ఒక పెళ్లిలో దగ్గర్నుంచి చూశాను: ఎత్తుగా కట్టిన జుట్టు నిండా పగడాలు, గడ్డం కిందిదాకా దండలు, భుజాల మీద పూసల వల, ఒంటికి చుట్టిన మఖ్మల్ బట్ట. ఆ పిల్ల తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే! అలాంటిదాన్ని ప్లాస్టిక్‌లో చేసి వాళ్ల ముందే ఊరేగిస్తామా?

సాంస్కృతిక విభాగం: సరే అక్కా, తీసేశాను. పిల్లలు ఉగాది పచ్చడి గిన్నెలతో ఎదురెళ్లి "కోయో" అని పలకరిస్తారు.

ఫ్లయర్ చూసినవాళ్లలో ఒకరు: అన్నా, బెనిన్ దేశం జెండా ఎందుకు పెట్టారు? బెనిన్ సిటీ నైజీరియాలోనే ఉంది, ఎడో రాష్ట్ర రాజధాని. పక్క దేశం పేరు 1975 దాకా దహోమే. "ఇగ్వే సంబరం" అన్న మాట కూడా తీసేయండి. అది ఏడాది చివర్లో ఓబా శిరస్సుకి చేసే క్రతువు. అది ముగిశాక ఎవెరే ఆకులు ఇంటింటికీ పంచుకుంటారు, మనకి మామిడాకుల్లాగా. మార్చిలో ఆ పేరెందుకు?

యాంకర్: స్క్రిప్టులో "విదేశీ అతిథులు" అని రాశారెవరో. ఇక్కడ విదేశీయులం మనమండీ బాబూ! వాళ్లు "ఓబా ఘా తో క్పేరే" (ఓబా కలకాలం బతకాలి) అనగానే అందరూ "ఇసే" (తథాస్తు) అనాలి. ముందే ఒకసారి అనిపిస్తాను.

వేదిక: వెనక తెర మీద పాతకాలపు బెనిన్ రాజమాత ఇడియా రాణి దంతపు ముఖం బొమ్మ వేద్దామనుకుంటున్నాం. 1977లో ఇక్కడ జరిగిన ఆఫ్రికన్ కళల పండుగ ఫెస్టాక్ గుర్తు అదే కాబట్టి లాగోస్‌లో అందరికీ తెలుసు. అసలు ముఖాన్ని 1897లో బ్రిటిష్ సైన్యం దోచుకెళ్లింది, ఇప్పుడు లండన్‌లో ఉంది. ఎడో బృందాన్ని అడిగాకే ప్రింటుకిద్దాం.

వంటలు: అతిథి మర్యాదకి విరిచి పంచే కోలా కాయలు నేను తెస్తాను. ఎవరు విరవాలో వాళ్ల పెద్దాయన్నే అడగండి. వాళ్ల వంటకం బ్లాక్ సూప్‌లో మాంసం ఉంటుంది, శాకాహారుల బల్ల అటు గోడ వైపు వేయండి. గరిటెలు కలిశాయో, పోయినేడాది గొడవే మళ్లీ!